సూది దిగిన చోటు చూడండి

మత్తు సూదుల మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు అడిగారు. గడువు శుక్రవారం. పోలీసులు పట్టుకున్న సరుకు లెక్కలు, విద్యార్థుల ర్యాలీల ఫొటోలు ఎవరికైనా దొరుకుతాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టి నా బల్ల మీద నిలిచింది ఒక పలుచని కాగితం. పెంటాజోసిన్ అనే సూదిమందుకు సంబంధించిన వివరణ పత్రం అది. భూతద్దం పెడితే తప్ప ఆనని అక్షరాలు, అంతా ఇంగ్లీషు. అయినా మత్తు కోసం సూది పొడుచుకునే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఇంత సూటిగా చెప్పిన రాత మరొకటి నాకు కనబడలేదు.

పెంటాజోసిన్ దొంగ సరుకుగా పుట్టిన మందు కాదు. ఆపరేషన్ తర్వాత, ఎముక విరిగినప్పుడు డాక్టర్లు నొప్పికి వాడేదే. ఒక మిల్లీలీటరు గాజు ఆంపూల్‌లో 30 మిల్లీగ్రాములుంటుంది. విశాఖపట్నంలో ఇటీవలి ఏళ్లలో పోలీసులు పలుమార్లు పట్టుకున్న మత్తు ఇంజెక్షన్లలో ఇది ఉంది. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మత్తుమందు సూది ద్వారా ఎక్కించుకునేవారు సుమారు 8.5 లక్షలు. వాళ్లలో హెరాయిన్ వాడేవారు ఎందరో, ఇలాంటి ఆసుపత్రి నొప్పిమందులు వాడేవారూ ఇంచుమించు అంతమందే: చెరి 46 శాతం. సూది వాడేవారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

ఇక ఆ పత్రం సంగతి. ఈ మందు పదే పదే వేస్తే చర్మం, దాని కింది పొర, ఇంకా లోపలి కండ గట్టిపడిపోతాయని అది హెచ్చరిస్తుంది. ప్రతిసారీ చోటు మార్చి వేయాలంటుంది. తప్పనిసరైతే తప్ప చర్మం కింద వేయొద్దంటుంది. ఆసుపత్రిలో నర్సమ్మ శుభ్రంగా రెండు మూడు రోజులు వేసే మందుకే ఇన్ని జాగ్రత్తలు! అదే మందును నెలల తరబడి, వాడిన సూదితోనే, అందిన చోటల్లా పొడుచుకుంటే తొడ కండ, భుజం కండ నొక్కినా లొంగనంతగా బిగుసుకుపోతాయి. మోకాలు మడవడానికి రాదు, మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాదు. చర్మం నల్లబడి లోతైన పుండ్లు పడతాయి, ఎంతకీ మానవు. చక్కెర జబ్బు లేని కుర్రాడి రెండు తొడల మీదా ఇలాంటి మచ్చలూ పుండ్లూ ఉన్నాయంటే అనుభవమున్న చర్మవైద్యుడు అడిగే మొదటి ప్రశ్న సూది గురించే.

పత్రంలో ఇంకో హెచ్చరిక చాలామందికి తెలియదు. హెరాయిన్‌కో మార్ఫిన్‌కో అలవాటుపడిన శరీరంలో పెంటాజోసిన్ ఎదురు తిరుగుతుంది. అసలు సరుకు దొరక్క ఇది వేసుకుంటే ఉపశమనం బదులు ఒళ్లు నొప్పులు, వాంతులు, చెమటలు, వణుకు ముంచుకొస్తాయి. మందు చాలలేదనుకుని ఇంకో ఆంపూల్ పగలగొడితే ముప్పు పెరుగుతుంది. లేనివి కనిపించడం, మాట తడబడి అయోమయంలో పడటం, ఫిట్స్ రావడం కూడా అందులో రాసి ఉన్నాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించే ముందు ఇది గుర్తుంచుకోవాలి. చివరగా ఊపిరి మందగించే ప్రమాదం, దానికి విరుగుడు నాలోక్సోన్ అన్న మాట. ఇవన్నీ తెలుగులో, కనబడే అక్షరాల్లో అచ్చువేసి ప్రతి మందుల షాపు గోడకూ అంటిస్తే ఎన్ని ర్యాలీలు సరితూగుతాయి?

ఇంతకీ ఈ కథనంలోకి నంద్యాల దగ్గరి మా బనగానపల్లెను ఎందుకు తెస్తున్నాను? బెనిషాన్ మామిడికి పేరు పడ్డ ఈ ఊళ్లో మత్తు సూదులు ప్రబలాయని నేను అనడం లేదు. కానీ నాపరాతి గనుల్లో బండలు మోసేవాళ్లు, సిమెంటు బస్తాలు ఎత్తేవాళ్లు ఉన్న సీమలో సూది అంటే ఎవరికీ జంకు లేదు. నడుం పట్టేస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి “మాత్రలొద్దు సామీ, సూదెయ్” అనడం మామూలు. 2000ల మొదట్లో ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల బృందం దేశమంతటా జరిపిన అధ్యయనం లెక్కకట్టింది: ఏటా సుమారు 300 కోట్ల సూదులు, వాటిలో 62.9 శాతం సురక్షితం కానివి. ఉత్తరప్రదేశ్‌లోని బంగర్‌మవులో 2017-18లో ఒక నాటువైద్యుడు ఒకే సిరంజి అందరికీ వాడాడన్న ఆరోపణతో బయటపడ్డ హెచ్‌ఐవీ కేసులు మత్తుకు సంబంధం లేనివే. అందుకే చెబుతున్నాను, సూది వల్ల వచ్చే చెడు గుర్తులు తెలుసుకోవడం అందరికీ పనికొస్తుంది.

సూది గుచ్చిన చోట ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటే ఇన్ఫెక్షన్ మొదలైనట్టే. ఆ ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. కొద్ది గంటల్లో ఎరుపు గీత దాటిందా, జ్వరం వచ్చిందా, ఇక ఆగకూడదు. మధ్యలో మెత్తబడితే చీము గడ్డ. దాన్ని డాక్టరు కోసి శుభ్రం చేయాలి, పిండకూడదు. పైకి కనిపించే పుండుకు పొంతన లేనంత భరించరాని నొప్పి, బొబ్బలు, నల్లబారిన చర్మం, నొక్కితే కరకరమనడం ఉంటే కండల పైపొర కుళ్లిపోతున్నట్టు. గంటలే తేడా. సూది దిగీ దిగగానే చెయ్యి భగ్గున మండి, వేళ్లు పాలిపోయి చల్లబడితే మందు ధమనిలోకి పోయి ఉంటుంది. వేళ్లు పోకముందే ఆసుపత్రికి చేరాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది గజ్జల్లో గడ్డ. చేతి సిరలు మూసుకుపోయాక కొందరు గజ్జల్లో పొడుచుకుంటారు. అక్కడ సిరకు ఆనుకునే పెద్ద ధమని ఉంటుంది. దానికి చిల్లుపడి రక్తం చుట్టూ చేరితే పైకి అచ్చం చీము గడ్డలాగే ఉంటుంది. వేలు పెడితే నాడిలా కొట్టుకుంటుంది. కొన్నిసార్లు అలా కొట్టుకోకపోవచ్చు కూడా. దాన్ని మామూలు గడ్డే అనుకుని బ్లేడు పెడితే నిమిషాల్లో ప్రాణం పోయేంత రక్తం పోతుంది. గజ్జల్లో గడ్డను స్కానింగ్ లేకుండా ఎవరూ కోయకూడదు. మా ఊళ్ల ఆర్‌ఎంపీలకు చేతులెత్తి మొక్కుతున్నా, ఆ ఒక్క గడ్డ ముట్టుకోకండి. నంద్యాల పెద్దాసుపత్రి సుమారు 40 కిలోమీటర్లే. ఒక కాలు మాత్రమే వాచి బిగిస్తే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలును తైలం పెట్టి మర్దించకూడదు.

జ్వరం మరో మోసం. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, ఆయాసం, దగ్గుతో రక్తపు జీర ఉంటే చర్మం మీది క్రిమి గుండె కవాటానికి పట్టి ఉండొచ్చు. టైఫాయిడ్ అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెడితే తర్వాత పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. రక్తాన్ని కల్చర్‌కు పంపాకే మందు మొదలెట్టాలి. అది జరగాలంటే సూది సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పినవాణ్ని డాక్టరు ఈసడించకూడదు. తిట్టు తిన్నవాడు రెండోసారి రాడు.

చరిత్ర క్లుప్తంగా: చర్మం కింద మందు ఎక్కించే సిరంజిని స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ వుడ్ అనే డాక్టరు 1853లో వాడాడు, అందులో పోసింది మార్ఫినే. మన దేశంలో సూది మత్తు మొదట మణిపూర్‌ను దెబ్బకొట్టింది. 1989-90లో కొద్ది నెలల్లోనే అక్కడ సూది వాడేవాళ్లలో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ సోకింది. ఆ తర్వాతి ఏళ్లలో శుభ్రమైన సూదులివ్వడం, నాలుక కింద బుప్రినార్ఫిన్ మాత్ర పెట్టి సూది మాన్పించడం మన దగ్గరికి వచ్చాయి.

ఊపిరి ఆగుతుంటే
మత్తు ఎక్కువైన మనిషి పిలిచినా, రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దినా పలకడు. శ్వాస నెమ్మది, గురగురమనే శబ్దం, నీలి పెదవులు, సూది మొనంత కంటిపాప. వెంటనే 108. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదారు సెకన్లకొకసారి నోటితో ఊపిరి ఊదాలి. శ్వాస మామూలుగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చన్నీళ్లు, మజ్జిగ, ఉప్పునీళ్లు, చెంపదెబ్బలు వద్దు. నాలోక్సోన్ పడి లేచినా ఇంటికి తేవద్దు: దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, మత్తు మళ్లీ కమ్మవచ్చు.

చట్టం, పరీక్షలు
మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, మత్తు వాడినందుకో కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. శుభ్రమైన సూదులు ఇవ్వడం నేరం కాదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఒకరి సూది మరొకరు వాడి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీని అడ్డుకునే మందులు మొదలుపెట్టవచ్చు. హెపటైటిస్-సి సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితం. మత్తు మాన్పించే సలహాకు 14446, హెచ్‌ఐవీ గురించి 1097.

నడివేసవిలోనూ నిండు చేతుల చొక్కా విప్పని అబ్బాయి మీ ఇంట్లో ఉంటే, తలుపు దగ్గరికి వేసి “చెయ్యి చూపించు నాయనా” అని అడగండి. గొడవ, కన్నీళ్లు తర్వాత పెట్టుకోవచ్చు. ఎరుపో వాపో కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లి, సూది వేసుకున్నాడని మీ నోటితోనే డాక్టరుకు చెప్పండి.