వార్డులో ఎవరిని లెక్కపెడుతున్నారు?

ఎంతమంది రోగులకు ఒక నర్సు ఉండాలో చట్టం చెప్పాలా, యాజమాన్యం ఇష్టానికి వదిలెయ్యాలా? ఈ చర్చకూ దళిత స్త్రీల చాకిరికీ సంబంధం ఉందని మేము అనుకుంటున్నాం. ముందు చట్టం సంగతి చూద్దాం.

అమెరికాలోని కాలిఫోర్నియా 1999లో ఈ చట్టం చేసింది. 2004 నుంచి అమలయింది. మామూలు వార్డులో మొదట ఆరుగురికి, 2005 నుంచి ఐదుగురికి ఒక నర్సు. ఇంటెన్సివ్ కేర్‌లో ఇద్దరికి ఒకరు. నర్సు అన్నానికి వెళ్లినా ఆ లెక్క తప్పకూడదు. గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ఐదుగురి నిబంధనను వాయిదా వెయ్యబోతే నర్సుల సంఘం కోర్టుకెక్కి ఆపించింది. జబ్బు తీవ్రత రోజుకో తీరుగా ఉంటుంది, ఒకే అంకె ఎలా కుదురుతుందని యాజమాన్యాలు అడిగాయి. ఖర్చు మాట సరేసరి. నిజానికి చట్టంలోని అంకె కనీసం మాత్రమే, తీవ్రతను బట్టి ఇంకా పెంచాలని అందులోనే ఉంది. లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన పెన్సిల్వేనియా పరిశోధన ప్రకారం, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే ఆపరేషనయిన రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుంది.

మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలున్నాయి గానీ, అవి సిఫారసులే. బోధనాసుపత్రి వార్డుకు 1:3 అంటారు. వింటే కాలిఫోర్నియా కన్నా మేలనిపిస్తుంది. కిటుకు ఏంటంటే, అది రోజు మొత్తానికి లెక్క. 36 పడకల వార్డుకు 12 మంది. మూడు షిఫ్టులకు పంచితే నలుగురు, అంటే ఒక్కొక్కరికి తొమ్మిదిమంది. సెలవుల కోసం 30 శాతం అదనంగా వెయ్యాలి. వెయ్యకపోతే ఆ నలుగురిలోనే కోత. అదే వార్డుకు కాలిఫోర్నియాలో ప్రతి షిఫ్టుకూ ఎనిమిదిమంది కావాలి.

మరి ఈ లోటు పూడ్చేదెవరు? నర్సింగ్ విద్యార్థినులు, ఆయాలు, స్వీపర్లు, రోగి వెంట వచ్చిన తల్లో చెల్లెలో. మలమూత్రాలెత్తడం, పుండు కడగడం, శవాన్ని కదిలించడం - కులం 'మైల' అని పేరు పెట్టిన పనులివి. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి వంటి మిషన్ ఆసుపత్రులు తలుపు తెరిచినప్పుడు, పై కులాలు వద్దనుకున్న ఈ పనిలోకి మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు వచ్చారు. తెల్ల యూనిఫాం వాళ్లకు చదువూ జీతమూ ఇచ్చింది, నిజమే. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవురాలైన దళిత స్త్రీ ఎస్సీ కాదు. రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం వాటాలోకి పోతుంది. అందుకే ఆసుపత్రుల్లో దళిత స్త్రీలెందరో ఎస్సీ లెక్కల్లో పూర్తిగా దొరకదు.

ఆయా పరిస్థితి ఇంకా అన్యాయం. నర్సుల నిష్పత్తిలో ఆమె లేదు. లైసెన్సు లేనివాళ్లచేత నర్సింగ్ పని చేయించకూడదని కాలిఫోర్నియా చట్టం అంటుంది. రోగికి అది మంచిదే. అదే చట్టం ఇక్కడికి వస్తే యాజమాన్యం ముందు చెయ్యివేసేది ఎవరి కూలి మీద? నర్సులకు కట్టే జీతం ఆయా దగ్గర మిగుల్చుకోదని నమ్మకమేమీ లేదు. కాబట్టి చట్టం అడిగేటప్పుడు షిఫ్టుకు ఎందరు నర్సులన్నదాని పక్కనే ఎందరు ఆయాలు, ఎందరు స్వీపర్లు, కాంట్రాక్టరు కింద కాకుండా ఏ జీతం మీద అన్నది కూడా రాయించాలని మేమంటున్నాం. ఆయాల్లో చదివినవాళ్లకు నర్సింగ్ సీట్లలో దారి ఉండాలి. నర్సుల సంఘాలు ఈ మాట ఎత్తుకుంటాయా అన్నది ఆ సంఘాల్లోని మన ఆడవాళ్లే తేల్చాలి.