‘మరియు’కు ముందు కామా వ్రాయవలెనా?

మహదేవపురలో నివసించు మన పిల్లలు ఒక్క దినములోనే మూడు భాషలు వ్రాయుచుందురు. తెలుగు ఇంటి భాష, చదువు భాష. కన్నడము మనము నివసించు రాష్ట్రపు భాష. ఆంగ్లము వైట్‌ఫీల్డు కార్యాలయముల భాష. కామా యను గుర్తు మూడింటిలోను ఒక్కటే. దానిని వాడు తీరు మాత్రము ఒకటి కాదు. అందుచేతనే విద్యార్థులకు ఒక సందేహము కలుగుచుండును: కొన్ని పేర్లు వరుసగా చెప్పునపుడు చివరి పేరుకు ముందుండు ‘మరియు’కు ముందు కామా ఉంచవలెనా, మానవలెనా?

ఈ సందేహము ఆంగ్లము నుండి వచ్చినది. ఆ భాషలో దీనిని ఆక్సుఫర్డు కామా యందురు. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము తన గ్రంథములలో దీనిని పాటించుటచే ఆ పేరు కలిగినది. వార్తాపత్రికలు పెక్కు దీనిని విడిచిపెట్టును. కావున ఆంగ్లమున ఇది తప్పొప్పుల విషయము కాదు, పద్ధతుల భేదము.

అయినను ఈ చిన్న గుర్తు కొరకు న్యాయస్థానమున వాదము జరిగినది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు చట్టము ప్రకారము వారమునకు 40 గంటలు మించిన పనికి ఒకటిన్నర రెట్ల కూలి చెల్లింపవలెను. చెడిపోవు ఆహార పదార్థములకు సంబంధించిన కొన్ని పనులకు మాత్రము ఆ నియమము వర్తింపదు. ఆ పనుల పట్టిక చివర మూటగట్టుట, రవాణా, పంపిణీ అను మాటలు కామా లేకుండ కూర్పబడెను. ఓక్‌హర్స్ట్ డెయిరీ యను పాల సంస్థలోని వాహన చోదకులు పాలను పంపిణీ చేయువారే కాని మూటగట్టువారు కారు. కామా లేనందున పట్టికలో పంపిణీ వేరొక పనిగా లేదనియు, తమకు అదనపు కూలి రావలెననియు వారు వాదించిరి. 2017లో అప్పీలు న్యాయస్థానము ఆ వాక్యము సందిగ్ధమని చెప్పి, చోదకుల పక్షమున తీర్పు చెప్పెను. 2018లో ఆ సంస్థ 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని రాజీపడెను.

ఆ వాక్యమును తెనిగింపబోయినచో ఒక వింత కనబడును. ‘రవాణాకు గాని, పంపిణీకి గాని మూటగట్టుట’ అనిన ఒక అర్థము. ‘రవాణాకు మూటగట్టుట గాని, పంపిణీ చేయుట గాని’ అనిన వేరొక అర్థము. ఏదో ఒకటి ఎంచుకొననిదే తెలుగు వాక్యము ముందుకు సాగదు. ఆంగ్లము కామాకు అప్పగించిన పనిని మన భాష ప్రత్యయములకును, చిన్న మాటలకును అప్పగించినది. పూర్వపు తాళపత్ర గ్రంథములలో కామా లేదు. ముద్రణతో పాటు అది మనకు వచ్చినది. అంతకు ముందును మనవారు స్పష్టముగనే వ్రాసిరి.

ఇపుడు మన అనుభవములోని వాక్యమును చూతము. ఒక సంఘపు నియమావళిలో ‘ఈ పత్రముపై అధ్యక్షులు, కార్యదర్శి మరియు కోశాధికారి సంతకము చేయవలెను’ అని యున్నదనుకొందము. సంతకములు రెండా, మూడా? చిన్న సంఘములలో కార్యదర్శియే కోశాధికారిగా ఉండుట కద్దు. ‘మరియు’కు ముందు కామా ఉంచిన సందేహము కొంత తగ్గును. ‘అధ్యక్షులును, కార్యదర్శియు, కోశాధికారియు’ అనినచో సందేహమే పుట్టదు. ‘మరియు’తో పనియే లేదు. వాడుకలో ‘అధ్యక్షులూ, కార్యదర్శీ, కోశాధికారీ’ అందుము. కన్నడమునను ‘రామనూ కృష్ణనూ’ అని ఇదే రీతి కలదు. ఇంకను నిశ్చయము కావలసినచో చివర ‘ముగ్గురును’ అని చేర్చవచ్చును.

కామా ఉంచినంత మాత్రమున అంతయు చక్కబడదు. ‘సభకు మా అధ్యక్షులు, తెలుగు పండితులు, మరియు కార్యదర్శి వచ్చిరి’ అనిన, అధ్యక్షులే తెలుగు పండితులేమో యని తోచును. మన భాషలో గౌరవ బహువచనము ఉండుటచే ఈ చిక్కు మరింత పెరుగును. వచ్చినవారు ఇద్దరైనచో ‘తెలుగు పండితులైన మా అధ్యక్షులును, కార్యదర్శియు’ అని వ్రాయవలెను.

తల్లిదండ్రులకు పంపు ప్రకటనలలో ఈ జాగ్రత్త మరింత అవసరము. ‘జనన పత్రము, బదిలీ పత్రము లేదా చిరునామా పత్రము తేవలెను’ అని చదివిన తండ్రి, మూడింటిలో ఏదో ఒకటి చాలునని తలచి వచ్చును. జనన పత్రము తప్పనిసరి యని అచటివారు త్రిప్పి పంపుదురు. ఆయనకు ఒక దినపు కూలి పోవును. ‘జనన పత్రము తప్పక తేవలెను, దానితో పాటు బదిలీ పత్రమును గాని, చిరునామా పత్రమును గాని తేవలెను’ అని వ్రాసినచో ఆ నష్టము కలుగదు.

కావున మా అభిప్రాయమిది. ఆంగ్లమున వ్రాయునపుడు ఆ కార్యాలయపు పద్ధతిని అనుసరింపుడు. పద్ధతి ఏదియు లేనిచో చివరి కామాను ఉంచుటయే మేలు. తెలుగున వ్రాయునపుడు ముందుగా ‘ను, యు, గాని’ అను మన మాటలను తలచుకొనుడు. వ్రాసిన పిదప, విషయమెరుగని వారొకరిచే చదివించి, ‘ఎందరు? ఏవేవి?’ అని అడుగుడు. వారి జవాబు మీ తలంపుతో సరిపోయిననాడు మీ వాక్యము సరియైనది.