నలభైమందికి ఒక్క విస్తరి

మా ఊళ్ళో అయిదవ తరగతి చదివే పిల్లలున్న ఇళ్ళు ఏవో కనుక్కోవడం బహు సులువు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఏ ఇంట్లో దీపం వెలిగితే ఆ ఇల్లే. పాలవాడు రాకముందే లోపలినుంచి క.సా.గు.లు, గ.సా.భా.లు వినిపిస్తూ ఉంటాయి. చుట్టాలెవరైనా వస్తే ఇల్లాలు గడపలోనే ఎదురై, "కాస్త మెల్లిగా మాట్లాడండి, మా అమ్మాయికి నవోదయ ఉంది" అంటుంది. ఇంట్లో ఎవరికో టైఫాయిడు వచ్చిందని చెప్పే గొంతు అది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పరీక్షలంటే నాకు పగ ఏమీ లేదు. పరీక్షలు పెట్టాను, దిద్దాను, వాటివల్ల పైకి వచ్చిన పిల్లలనూ చూశాను. ఇప్పటికీ ఇరుగు పొరుగు పిల్లలు తెలియని లెక్క పట్టుకుని మా అరుగుమీదికి వస్తూనే ఉంటారు. అయినా ఈ పదేళ్ళ పసివాళ్ళ పరీక్షను గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ పాఠశాలల సంగతి చెప్పాలి. అవి మంచి పాఠశాలలు. పల్లెటూళ్ళలో పుట్టినంత మాత్రాన తెలివైన పిల్లలు మరుగున పడిపోకూడదని 1986 నాటి జాతీయ విద్యావిధానం తలపెట్టిన పని అది. మొదటి రెండూ 1985-86లోనే హర్యానాలోని ఝజ్జర్‌లో ఒకటి, మహారాష్ట్రలోని అమరావతిలో ఒకటి వెలిశాయి. ఆ రోజుల్లో కేంద్రంలో విద్యాశాఖ చూసిన మంత్రి మన పి.వి. నరసింహారావుగారే. అంతకుముందు 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టించిన అనుభవం ఆయనకు ఉండనే ఉన్నది. ఇవాళ పెద్దాపురంలో, వెన్నెలవలసలో, లేపాక్షిలో, చొప్పదండిలో, పాలేరులో ఉన్న నవోదయలు ఆ సంతతివే. ఆరవ తరగతిలో చేరితే పన్నెండు దాకా అక్కడే చదువు. తిండి, బస, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. సీట్లలో నూటికి డెబ్బయి అయిదుకు తక్కువ కాకుండా పల్లెల పిల్లలకే. మూడోవంతు ఆడపిల్లలకు. ఇటువంటి చోటికి తమ బిడ్డ వెళ్ళాలని ఏ తల్లిదండ్రులు కోరుకోరు? కోరుకోవడంలో తప్పు లేదు.

చిక్కల్లా ప్రవేశ పరీక్షతో వచ్చింది. రెండు గంటల వ్యవధి, ఎనభై ప్రశ్నలు, నూరు మార్కులు. అంటే ప్రశ్నకు నిమిషమున్నర. మానసిక సామర్థ్యానికి నలభై ప్రశ్నలు, అంకగణితానికి ఇరవై, భాషకు ఇరవై. జవాబు రాయనక్కరలేదు, గుండ్రటి గడిని పెన్నుతో నింపాలి. పొరపాటున పక్క గడి నింపితే ఒకటింపావు మార్కు పోయినట్టే. అన్నిటికంటె పెద్ద సంగతి ఏమిటంటే, ఆరవ తరగతికి ఈ పరీక్ష రాసే అవకాశం జన్మకు ఒక్కసారే. మెట్రిక్ తప్పినవాడు సెప్టెంబరులో మళ్ళీ కట్టేవాడు. ఈ పసివాడికి ఆ సెప్టెంబరు కూడా లేదు.

ఇప్పుడొక చిత్రం వినండి. మార్కుల్లో సగం ఆ మానసిక సామర్థ్యానికే ఎందుకు పెట్టారు? ఆ ప్రశ్నల్లో మాటలు ఉండవు, బొమ్మలుంటాయి. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నది ఏది? అద్దంలో చూస్తే ఇది ఎలా కనిపిస్తుంది? కాగితం మడిచి చిల్లు పొడిచి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి? మంచి బడి దొరకనివాడైనా, ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేనివాడైనా, కళ్ళు తెరిచి చూసే బిడ్డయితే చెప్పగలగాలని వాటిని అలా కూర్చారు. తర్ఫీదు పొందిన పిల్లవాడికి, పొందనివాడికి తేడా రాకూడదనే వాళ్ళ ఉద్దేశం.

మనం ఏం చేశాం? బొమ్మలకు కూడా గైడు పుస్తకాలు వేశాం. మూడో తరగతినుంచే కోచింగు పెట్టించాం. కొన్ని పట్నాలలో ఎనిమిదేళ్ళ పిల్లలను ఇల్లు విడిపించి హాస్టళ్ళలో కూర్చోబెట్టి, ఇలా మడిస్తే ఇన్ని చిల్లులు, అలా మడిస్తే అన్ని అని వల్లె వేయిస్తున్నారు. కాగితం మాత్రం ఒక్కనాడూ మడవనివ్వరు! టైము చాలదట. చూపును పరీక్షించడానికి పెట్టినదానిని కంఠస్థం చేయిస్తున్నామన్నమాట. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అన్నారా?

నవలలు రాసిన ఆర్.కె. నారాయణ్‌గారు రాజ్యసభ సభ్యులుగా ఉన్నప్పుడు, 1989లో, చిన్నపిల్లల వీపుమీది పుస్తకాల సంచీ గురించి సభలో మాట్లాడారు. ఆ తరువాత ప్రభుత్వం ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన సంఘం వేసింది. ఆ సంఘం 1993లో ఇచ్చిన నివేదికలో నాకు ఎన్నటికీ మరపురాని విషయం ఒకటున్నది. సంచీ బరువుకంటె అర్థంకాని చదువు బరువు పిల్లలకు ఎక్కువ హాని చేస్తుందని వారు తేల్చారు. అర్థమైన లెక్క మోయడానికి తేలిక. అర్థంకాని లెక్క రాత్రి పడుకున్నా గుండెలమీద ఉంటుంది.

పదేళ్ళ పిల్లకు రాత్రికి 9 నుండి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. రాత్రి పదిన్నరకు పడుకోబెట్టి నాలుగున్నరకు లేపితే ఆరు గంటలు. పోయిన మూడు గంటలూ ఎక్కడికి పోతాయి? పొద్దున్నే కడుపునొప్పిగా వస్తాయి. గోళ్ళు కొరకడంగా వస్తాయి. ఎన్నడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. తల్లి వాము నీళ్ళు పట్టి, దిష్టి తీసి, ట్యూషనుకు పంపుతుంది. ఆదివారం నాడు నొప్పి రాదెందుకో ఎవరూ ఆలోచించరు. ఆదివారం కూడా పరీక్ష పెట్టే చోట ఆ సంగతి తెలిసే వీలూ లేదు.

మా వీధి చివర సహకార బ్యాంకు గుమాస్తాగారి అమ్మాయి ఉన్నది. చురుకైన పిల్ల. లెక్క తప్పితే తప్పెక్కడో తానే వెతుక్కునే రకం. రెండేళ్ళు కోచింగుకు వెళ్ళింది. ఫలితాలు వచ్చిననాడు తండ్రి ఫోనులో నంబరు వెతికి, మరోసారి వెతికి, ఫోను బోర్లించి పెట్టాడట. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. అదే పెద్ద ఓదార్పు అనుకున్నారు పాపం.

రెండు రోజులు పోయాక ఆ పిల్ల మా అరుగుమీదికి వచ్చింది. చేతిలో పుస్తకం లేదు. కాసేపు స్తంభానికి ఆనుకుని నిలబడి, "తాతగారూ, మరి నేనింక చదువుకోనక్కరలేదా?" అని అడిగింది.

గారం కాదు, ఏడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. రెండేళ్ళుగా ఆ పిల్ల విన్నది ఒకటే మాట. "ఇది రాకపోతే ఇక అంతే." పెద్దలు మాటవరసకు అన్నారు, పిల్ల అక్షరాలా నమ్మింది. ఆ 'అంతే' తరువాత ఏం చేయాలో తెలియక వచ్చి అడిగింది. జూన్‌లో హైస్కూల్లో చేరడం ఉన్నదనీ, అక్కడ ఆరో తరగతి అనేది ఒకటి ఉన్నదనీ ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తండ్రిని పిలిచాను. "మాస్టారూ, తెలివితక్కువ పిల్ల కాదండి. మరి ఎందుకు రాలేదో!" అన్నాడు.

"ఎందుకు రాలేదో లెక్క కట్టి చూద్దాం, కూర్చో" అన్నాను.

లెక్క పెద్దదేమీ కాదు. ఒక్కో పాఠశాలలో ఏడాదికి చేర్చుకునేది ఎక్కువలో ఎక్కువ ఎనభైమందిని. దేశమంతటా కలిపితే అరలక్ష సీట్లు. ఇటీవలి సంవత్సరాలలో దరఖాస్తులు ఇరవై లక్షలకు తగ్గడం లేదు. అంటే నలభైమందికి ఒక సీటు. తెలంగాణలో జిల్లాలు 33 అయినా 2024 దాకా ఉన్న నవోదయలు తొమ్మిదే. ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశానికి 28 కొత్తవి మంజూరు చేస్తే, అరుణాచల్ ప్రదేశ్‌కు 8, తెలంగాణకు 7 వచ్చాయి. సంతోషమే. అయినా ఆశపడే పిల్లల సంఖ్య ముందు అవెంత?

"పెళ్ళిపందిట్లో నలభైమంది ఆకలితో నిలబడి ఉంటే ఒక్క విస్తరి వేశారనుకో. తినలేకపోయిన ముప్పైతొమ్మిది మందికీ ఆకలి లేదంటావా, తినడం రాదంటావా? విస్తళ్ళు చాలలేదంటావా?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఈ మాట ఇంటికి వచ్చి దానితో చెప్పండి మాస్టారూ" అన్నాడు.

"నేను చెప్పడం కాదయ్యా, నువ్వే చెప్పు. నీ నోటితో విన్న 'అంతే' నీ నోటితోనే పోవాలి" అన్నాను.

ఆ రాత్రి చెప్పాడు కాబోలు, మర్నాడు పిల్ల మళ్ళీ లెక్కలు తెచ్చింది. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నది. సైకిలు నేర్చుకున్నది. రాత్రి తొమ్మిదింటికల్లా నిద్రపోతున్నదని వాళ్ళమ్మ ఫిర్యాదుగా చెబితే నాకు కడుపు నిండింది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు మరికొన్ని ఉన్నవి. నవోదయలోనే ఖాళీలుంటే తొమ్మిదవ తరగతికీ, పదకొండుకూ వేరే పరీక్షలు పెట్టి చేర్చుకుంటారు. ప్రభుత్వ పాఠశాలలో చదివే పేదింటి పిల్లలు ఎనిమిదవ తరగతిలో జాతీయ ఉపకారవేతన పరీక్ష రాయవచ్చు. నెగ్గితే తొమ్మిదినుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. గురుకులాలు ఉన్నవి. పదవ తరగతి తరువాత బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు ఉన్నవి. ఇన్ని తలుపులుండగా పదేళ్ళ పిల్లకు ఒక్క తలుపు చూపించి, అది మూసుకుంటే లోకమే మూసుకున్నదనడం న్యాయమేనా?

అయితే పరీక్ష రాయించవద్దా అంటారేమో. రాయించండి. దానికి మూడేళ్ళ తపస్సు వద్దు. అయిదవ తరగతి పాఠం శుభ్రంగా వచ్చిన పిల్లకు రెండు నెలలపాటు రోజుకు అరగంట చాలునని నా అనుభవం. పాత వార్తాపత్రిక తీసుకుని మీరే మడిచి, కత్తెరతో చిల్లు కోసి, విప్పకముందు ఎన్ని చిల్లులుంటాయో పందెం వేయండి. గోడ అద్దం ముందు అక్షరాలు రాసి చూపించండి. వాకిట్లో మామ్మ వేసిన చుక్కల ముగ్గులో త్రిభుజాలెన్ని దాగి ఉన్నాయో లెక్కపెట్టమనండి. బెల్లం అచ్చు ముక్కలు చేస్తే భిన్నాలు వస్తాయి, గదిలో బండలు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. చివరి పక్షంలో నాలుగైదు పాత ప్రశ్నపత్రాలు ఇచ్చి గడులు నింపడం అలవాటు చేయండి. మిగిలిన పొద్దు ఆడుకోనివ్వండి. ఇదంతా సీటు వచ్చినా రాకపోయినా పిల్ల దగ్గర ఉండిపోయే చదువు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పరీక్షకు వెళ్ళేముందే పిల్లను కూర్చోబెట్టి, "వస్తే అక్కడ చదువుకుంటావు, రాకపోతే మన ఊళ్ళో చదువుకుంటావు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. పదేళ్ళ పిల్ల తనంతట తాను ఊహించుకోలేని మాట అది. పరీక్ష పదకొండున్నరకు మొదలై ఒంటిగంటన్నరకు ముగుస్తుంది. గేటు దగ్గర నిలబడిన తండ్రులు బిడ్డ బయటికి రాగానే ప్రశ్నపత్రం లాక్కుని, "ఎన్ని పెట్టావు?" అని అడగడం ఏటా చూస్తున్నాను. పొద్దున్న ఏడింటికి ఇంత తిని బయలుదేరిన పిల్ల అది. "ఆకలేస్తున్నదా అమ్మా?" అని ముందు అడగండి.