నూనెలో మునిగిన క్లచ్చు

ఎంత ఖరీదైన నూనె పోసిన మోటారు సైకిలునకు అంత మేలని పలువురు విశ్వసింతురు. కాని కారు ఇంజనును చల్లగా కాపాడు తైలమే మోటారు సైకిలునకు అపకారి కావచ్చునన్న సత్యము, ఘాటు రోడ్డుపై రేజు ఇచ్చినకొలది ఇంజను హోరు హెచ్చుచు బండి వేగము మాత్రము హెచ్చకుండుట చూచినవానికిగాని బోధపడదు. ఈ చిక్కునకు మూలము ఆ యంత్రము పెరిగి వచ్చిన తీరులోనే యున్నది.

పూర్వపు ఆంగ్లేయ నిర్మాతలు ఇంజనునకు, గేరుపెట్టెకు, క్లచ్చునకు వేరువేరు గదులు కట్టి, దేనికి తగిన కందెనను దానికి పోయించిరి. 1955 నుండి మద్రాసులో రూపొందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు ఆ సంప్రదాయమును చిరకాలము పాటించినది. 1958లో సోయిచిరో హోండా సంస్థ జపానులో వెలువరించిన సూపర్ కబ్బు మాత్రము మూడింటిని ఒకే పెట్టెలో ఇమిడ్చి, ఒకే నూనెతో వాటినన్నిటిని తడిపినది. తేలికయు, చవుకయు నైన ఆ పద్ధతియే 1985లో హీరో హోండా సీడీ 100తో మన రోడ్లపై విస్తరించినది. సౌకర్యమునకు మూల్యమును చెల్లించినది నూనెయే. పిస్టనును జారనిచ్చు ఆ ద్రవమే గేరుపండ్ల నలుగుడును సహింపవలెను, క్లచ్చు పలకలను మాత్రము జారనీయరాదు!

ఆ క్లచ్చును విప్పి చూతము. కవరు తీసి, స్ప్రింగులు విప్పి, ప్రెషరు ప్లేటు తొలగించినచో, ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన పలుచని వలయములు కనుపించును. పూర్వము కార్కు బెరడును, నేడు కాగితపు నారను రెసినుతో బిగించిన పూతను ధరించిన పలకలు ఇంజనుతో తిరుగు డ్రమ్ము గాళ్లలో చిక్కుకొనియుండగా, వాటి నడుమనున్న నునుపైన ఉక్కు పలకలు గేరుపెట్టె ఇరుసును పట్టుకొనియుండును. లీవరు వదలగానే స్ప్రింగులు వీటినన్నిటిని ఒక్కటిగా నొక్కును. ఆ క్షణమున పుట్టు వేడిని నూనె కొనిపోవును. పలకల నడుమనున్న తైలపొర గాడులలోనికి, పూత రంధ్రములలోనికి నెట్టబడును. కడకు లోహమునంటియున్న కొన్ని అణువుల మందమైన పొరయే పట్టు నిలుచునో జారునో నిర్ణయించును.

ఆ పొరను మార్చినవి కార్ల నూనెలు. 1973 నాటి చమురు సంక్షోభానంతరము ఇంధనపొదుపునకై అమెరికాలో శాసనము వచ్చుటయు, తైలములలో మాలిబ్డినము వంటి ఘర్షణనాశక ద్రవ్యములు చేరుటయు సంభవించెను. వీటిలో కొన్నిటి అణువులు తల లోహమునకు అంటుకొని, తోక వెలికి చాచి, తివాచీ నూలువలె నిలుచును. కారు క్లచ్చు సాధారణముగా పొడిది, వేరు గదిలోనిది గనుక నష్టము లేదు. మోటారు సైకిలు క్లచ్చుకదా, ఇంజను నూనెయందే మునిగియున్నది.

జపాను ప్రమాణసంస్థ జాసో 1998లో టీ 903 అను ప్రమాణమును నిర్ణయించి, పరీక్షాయంత్రముపై తిరుగు బరువును పలకలు పట్టి ఆపు కాలమును, కదలికలోను, నిలుకడలోను గల ఘర్షణను కొలిచి, నూనెలను పట్టు హెచ్చుగల ఎంఏ, పట్టు తక్కువగల ఎంబీ తెగలుగా విభజించినది. 2006లో ఎంఏ తెగ ఎంఏ1, ఎంఏ2గా చీలినది. రెండవదానికి పట్టు అధికము. డబ్బా వెనుక ఈ అక్షరములను చూచి కొనువారు తక్కువ, 10డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-50 అను అంకెలను చూచువారే హెచ్చు. ఆ అంకెలు చిక్కదనమును చెప్పును గాని పట్టును చెప్పవు. సింథటిక్కు నూనె పోసిన క్లచ్చు జారునన్న ప్రచారమును నేను అంగీకరింపను: దోషము మూలతైలమున లేదు, కలిపిన ద్రవ్యములందున్నది, ఎంఏ2 ముద్రగల సింథటిక్కు నూనె నిర్భయముగా వాడదగినదే.

ఇక స్కూటరు సంగతి వేరు. బెల్టుతో నడుచు దాని క్లచ్చు పొడిది గనుక, ఎంబీ నూనె దానికి ఉచితము, మైలేజియు కొంత కలిసివచ్చును. అదే నూనెను మోటారు సైకిలులో పొరపాటున పోసి, జారుడు మొదలైనంతనే మార్చినచో పట్టు తరచుగా తిరిగి వచ్చును; ఆలస్యమై ఉక్కు పలకలు నీలివర్ణము దాల్చి, పూత మాడు వాసన కొట్టినచో ఎంత మంచి నూనెయు పనిచేయదు, పలకలను మార్చవలసినదే.