ఫిర్యాదుకూ గడువుంది

గడువు అనే మాట మనకు కొత్త కాదు. పరీక్ష రుసుము కట్టడానికి గడువు ఉంటుంది. ఇంటి పన్ను కట్టడానికి ఉంటుంది. గ్రంథాలయం నుండి తెచ్చుకొన్న పుస్తకం తిరిగి ఇవ్వడానికీ ఉంటుంది. కాని ఒక ఉద్యోగి వల్ల మనకు అన్యాయం జరిగినప్పుడు, దాన్ని గురించి ఫిర్యాదు చేయడానికి కూడా గడువు ఉంటుందని చాలామందికి తెలియదు. తెలిసేసరికి అది కాస్తా దాటిపోతుంది.

ప్రభుత్వోద్యోగుల మీద ప్రజలు చేసే ఫిర్యాదులను వినడానికి, ఆ కార్యాలయాలతో సంబంధం లేని ఒక పెద్ద ఉండాలనే ఆలోచన స్వీడన్ దేశంలో 1809లో రూపు దిద్దుకొంది. అక్కడ ఆయనను అంబుడ్స్‌మన్ అన్నారు. మన దేశంలో మొరార్జీ దేశాయి అధ్యక్షుడుగా ఉన్న పరిపాలనా సంస్కరణల సంఘం 1966లో కేంద్రానికి లోక్‌పాల్, రాష్ట్రాలకు లోకాయుక్త ఉండాలని సూచించింది. మహారాష్ట్ర 1971లో, ఆంధ్రప్రదేశ్ 1983లో, కర్ణాటక 1984లో చట్టాలు చేశాయి. ఈ పాఠంలో కర్ణాటక చట్టాన్ని చూద్దాం. బళ్ళారి, కోలారు, పావగడ ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు నిత్యం పనిపడేది అక్కడి పురపాలక సంఘాలతోను, గ్రామపంచాయతీలతోనే కదా! ఆ సంస్థల నుండి జీతం తీసుకొనే ప్రతి ఉద్యోగీ ఈ చట్టం పరిధిలోకి వస్తాడు.

ఒక అవ్వ ఉందనుకొందాం. భర్త చనిపోయాడు. ఇంటి ఖాతా, అంటే పురపాలక సంఘం పుస్తకంలో ఇంటి యజమానిగా ఉన్న పేరు, తన పేరుకు మార్చమని 2024 జనవరి 10న అర్జీ ఇచ్చింది. జనవరి 20న గుమాస్తా డబ్బు అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఆ తరువాత ఎప్పుడు వెళ్ళినా "పరిశీలనలో ఉంది, వచ్చే వారం రా అవ్వా" అన్నారు. జూన్ 15న మరొక ఉద్యోగి పుస్తకాలు తిరగేసి, అసలు ఆ అర్జీని నమోదే చేయలేదని చెప్పాడు.

ఇక్కడ అవ్వ చెప్పుకోవలసినవి రెండు. అర్జీని మూలన పడవేయడం వల్ల ఆమెకు కలిగిన ఇబ్బంది మొదటిది. చట్టం దీన్ని కష్టం కింద లెక్కిస్తుంది. గుమాస్తా లంచం అడగడం రెండవది. ఇది ఆరోపణ. రెండింటికీ గడువులు వేరు. అంతకన్నా ముఖ్యంగా, గడువు మొదలయ్యే రోజులు వేరు.

కష్టానికి గడువు ఆరు నెలలు. ఆ చర్య సంగతి ఫిర్యాది చెవిన పడిన రోజు నుండి దీన్ని లెక్కించాలి. అర్జీ ఇచ్చిన రోజు నుండి లెక్క వేసి, జులై 10తోనే తన గడువు అయిపోయిందని అవ్వ దిగులు పడనక్కరలేదు. నమోదు కాలేదని తెలిసింది జూన్ 15న కాబట్టి డిసెంబరు 15 వరకు ఆమెకు వ్యవధి ఉంది. ఆరోపణకు గడువు అయిదు సంవత్సరాలు. కాని ఇది తెలిసిన రోజు నుండి కాదు, పని జరిగిన రోజు నుండి నడుస్తుంది. లంచం అడిగింది 2024 జనవరి 20న కాబట్టి 2029 జనవరి 20 వరకు. ఈ తేడా తెలియక తికమకపడేవారిలో చదువుకొన్నవారూ ఉన్నారు.

ఈ లెక్క కర్ణాటకదే. ఒక రాష్ట్రపు గడువును మరొక రాష్ట్రానికి అన్వయించరాదు. మహారాష్ట్ర 1971లో చేసిన చట్టం కష్టానికి పన్నెండు నెలలు, ఆరోపణకు మూడు సంవత్సరాలు పెట్టింది.

అసలు గడువు ఎందుకు? కాలం గడిచేకొద్దీ సాక్షులు మరచిపోతారు. ఉద్యోగులు బదిలీ అవుతారు. పాత కాగితాలు చెదలపాలవుతాయి. ఎప్పటిదో తప్పును ఇప్పుడు మోపితే, నిర్దోషి అయిన ఉద్యోగి కూడా తన మాట నిరూపించుకోలేడు. ఈ కారణాలు న్యాయమైనవే. అయినా, కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. "వచ్చే వారం రా" అనే మాటే అందులో సగం తినేస్తుంది. చట్టం చేసినవారు దీన్ని కొంత గుర్తించారనే చెప్పాలి. ఆలస్యానికి తగిన కారణం ఉందని ఫిర్యాది నమ్మించగలిగితే, గడువు దాటిన ఫిర్యాదును కూడా స్వీకరించవచ్చు. కాని స్వీకరించి తీరాలని లేదు.

అందుచేత తేదీ ఉన్న ప్రతి కాగితమూ దాచుకోవాలి. అర్జీ ఇచ్చినప్పుడు రెండవ ప్రతి మీద కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకోవాలి. కర్ణాటకలో 2011 నాటి సేవల హామీ చట్టం కిందికి వచ్చే పనులకు రసీదు, సంఖ్య ఇస్తారు. దీన్నే జనం 'సకాల' అంటారు. మరొక చిక్కు కూడా ఉంది. కార్యాలయం నుండి వచ్చే ఉత్తరం కన్నడంలో ఉంటుంది. అవ్వకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మనవడు సెలవులకు వచ్చేదాకా ఆ ఉత్తరం గూట్లోనే ఉంటే, అందులో ఏముందో తనకు తెలియదని తరువాత చెప్పుకోవడం కష్టమవుతుంది. వచ్చిన రోజే ఎవరిచేతనైనా చదివించుకోవడం మంచిది. ఒకవేళ అది అర్జీని తిరస్కరించే ఉత్తర్వు అయి, దానిమీద అప్పీలు చేసుకొనే వీలుంటే, లోకాయుక్త సాధారణంగా ఆ కష్టాన్ని విచారించరు. అప్పీలుకు ఉండే గడువు మళ్ళీ వేరు.

లోకాయుక్తకు చేసే ఫిర్యాదు నిర్ణీత నమూనాలో ఉండాలి. దానితోపాటు ప్రమాణ పత్రం జతపరచాలి. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే శిక్ష ఉంది.

విచారణలో ఫిర్యాదు నిజమని తేలితే లోకాయుక్త తానే ఆ ఉద్యోగిని శిక్షించరు. చర్య తీసుకొనే అధికారం ఉన్నవారికి నివేదిక పంపుతారు. కష్టానికి సంబంధించిన నివేదిక అయితే ఒక నెలలో, ఆరోపణకు సంబంధించినది అయితే మూడు నెలలలో వారు ఏమి చేసిందీ తిరిగి తెలపాలి. ఖాతా పుస్తకంలో అవ్వ పేరు ఎక్కించవలసింది మాత్రం పురపాలక సంఘమే.