మూతిలో మందు కూరే తుపాకి: కొనవచ్చునా?

తుపాకి బేరం గురించి కాలేజీ సావనీరులో వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని గూడూరుకు దక్షిణంగా, పులికాట్ సరస్సు చుట్టుపట్ల పల్లెల నుంచి వచ్చినవారికి ఇది నవ్వులాట వ్యవహారం కాదు. అక్కడ పంట ఇంటికి వస్తుందా, అడవిపందుల పాలవుతుందా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది. మా పెదనాన్నకు దొరవారిసత్రం వైపు మూడెకరాల వేరుశనగ ఉన్నది. పొరుగూరి ఆసామి ఒకరు తన తండ్రి వాడిన ఒంటిగొట్టం తుపాకిని అమ్ముతానన్నారు. "చదువుకుంటున్నావు గదరా అబ్బయ్యా, కొనొచ్చో కూడదో కనుక్కొని చెప్పు" అని పెదనాన్న ఆ పని నాకు అప్పగించారు. చట్టం పుస్తకం తిరగేసి, తుపాకులు బాగుచేసే పెద్దలను అడిగి తెలుసుకున్నది ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఇంతకూ అది ఏ తుపాకి?

ఇప్పటి తుపాకుల్లో తూటా వెనక నుంచి పెడతారు. ఈ పాత రకంలో అంతా మూతి నుంచే. ముందు నల్లమందు పోయాలి, దానిపై గుడ్డపీచో కాగితమో దట్టించాలి, ఆపైన సీసపు గుళ్లు వేసి, మళ్లీ కడ్డీతో కూరాలి. 1857లో సిపాయిలు తూటా కాగితాన్ని పండ్లతో కొరకవలసి వచ్చింది ఇందుకే. ఎన్‌ఫీల్డు తుపాకి కూడా మూతి నుంచి మందు పోసేదే. కాగితం చించనిదే మందు బయటికి రాదు. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం ఎంతదాకా వెళ్లిందో చరిత్ర విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

నిప్పు అంటించే పద్ధతి కాలాన్నిబట్టి మారింది. మొదట వత్తి, తరువాత చెకుముకి రాయి, ఆ తరువాత టోపీ. చెకుముకి మెరుపు చూసి పిట్టలు ముందే ఎగిరిపోతున్నాయన్న చికాకుతో స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాదరీ వేరే మార్గం వెదికి 1807లో పేటెంటు పొందాడు. చిన్న దెబ్బకే మండిపోయే మందును వాడడం ఆయన ఆలోచన. దాని నుంచే తరువాత రాగి టోపీ పుట్టింది. మన పల్లెల్లో మిగిలినవి ఎక్కువగా ఈ టోపీ తుపాకులే. లైసెన్సు పుస్తకంలో వీటిని ఎస్.బి.ఎం.ఎల్. అని పొడి అక్షరాలతో రాస్తారు. ఒంటిగొట్టం, మూతి నుంచి నింపేది అని దాని అర్థం.

మన తీరానికి నల్లమందు కొత్త కాదు. పులికాట్‌లో కోట కట్టుకొన్న డచ్చివారు 17వ శతాబ్దంలో అక్కడే మందు తయారుచేయించి తూర్పు దీవులకు ఓడల్లో పంపారు. ఇంగ్లీషువారు 1626లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ ఫ్యాక్టరీ పెట్టుకొని ఫిరంగులు ఎక్కించారు, ఆపైన మద్రాసుకు తరలిపోయారు.

విదేశాల్లో ఇటువంటి తుపాకులకు నకళ్లు చేసి అమ్మడం పెద్ద వ్యాపారం. అమెరికాలో అంతర్యుద్ధపు శతజయంతి జరిగిన 1961-65 నాటికి ఈ నకళ్లకు గిరాకి బాగా పెరిగింది. ఇటలీలో వాటిని చేసే కార్ఖానాలు ఉన్నవి. మన దేశంలో చేసిన చెకుముకి తుపాకుల నకళ్లూ అక్కడికి ఎగుమతి అవుతాయి. అమెరికా కేంద్ర చట్టం 1968 నుంచి ఇటువంటి వాటిని పురాతన వస్తువుల లెక్కలో ఉంచి మామూలు తుపాకుల నిబంధనల నుంచి మినహాయించింది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. అక్కడ ఉన్న మన బంధువు "దీనికి లైసెన్సు అక్కరలేదు" అన్నాడంటే అది అక్కడి మాట. ఇక్కడ మందు బలంతో గుండు విసరగల ప్రతి సాధనమూ తుపాకే. నకలా, అసలా అని చట్టం అడగదు.

గొట్టం లోపల చూడవలసినవి

పాత తుపాకి కొనేవాడు కొయ్య నునుపును, ఇత్తడి తళుకును చూసి మురుస్తాడు. అసలు కొంటున్నది గొట్టం లోపలి భాగాన్ని. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా బరువు వాయువుగా మారక, మసిగాను, లవణాలుగాను మిగులుతుంది. ఆ లవణాలు గాలిలో తేమను పీల్చుకుంటాయి. మన సముద్రపు గాలిలో అసలే ఉప్పు. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే ఇనుము తినివేయబడుతుంది. వేసవిలో ఇంట్లో బీరువా తలుపే తుప్పు పట్టే ఊళ్లో, నలభై ఏళ్లు దూలానికి వేలాడిన గొట్టం సంగతి ఊహించుకోవచ్చు.

పెద్దలు చెప్పిన పరీక్షలు ఇవి. అన్నిటికన్నా ముందు, లోపల పాత మందు ఉన్నదో లేదో చూడాలి. కడ్డీని మూతి నుంచి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పట్టాలి. కడ్డీ కొన నిపుల్ దాకా అందితే ఖాళీ. నాలుగు వేళ్లు తక్కువైతే ఎవరో ఎప్పుడో నింపి వదిలేశారన్నమాట. ఏళ్ల తరబడి ఉన్న మందు కూడా మండగలదు. ఈ పరీక్ష చేసేటప్పుడు ముఖం గాని, అరచేయి గాని మూతికి ఎదురుగా ఉండకూడదు, నిపుల్ మీద టోపీ ఉండకూడదు.

ఖాళీ అని తేలిన తరువాత చిన్న దీపంతో లోపల చూడాలి. మూతి దగ్గర గుంటలుంటే గురి చెడుతుంది, అంతే. అడుగున, మందు కూర్చునే చోట గుంటలుంటే ప్రాణం మీదికి వస్తుంది. పేలుడు ఒత్తిడి అంతా అక్కడే. గొట్టం వెంట వేళ్లు నిమిరితే ఎక్కడైనా ఉబ్బు తగలరాదు. ఉబ్బు ఉన్నదంటే ఒకప్పుడు రెండుసార్లు మందు పోసి ఉండాలి, లేదా గుండు మధ్యలో నిలిచిపోయి ఉండాలి. అడుగు మర దగ్గర మసి చారలు, నిపుల్ మరలు అరిగిపోవడం, సుత్తి సగం లేపితే నిలవక జారిపోవడం, మడమకు ముందున్న సన్నటి చోట కొయ్య చిట్లడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పనిముట్టు కాదు, గోడ బొమ్మ. మరొక మాట: వీటిలో పొగలేని కొత్త మందు ఎన్నడూ పోయరాదు. ఆ ఒత్తిడికి ఈ గొట్టాలు తాళవు.

కాగితం లోపల చూడవలసినవి

1959 ఆయుధాల చట్టం పంట కాపుదలకు మూతి తుపాకిని పేరు పెట్టి చెప్పింది. నిజమైన పంట రక్షణకు లైసెన్సు అడిగే రైతును అది మరచిపోలేదు. కాని వరస ముఖ్యం. లైసెన్సు ముందు, తుపాకి తరువాత. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు. తుపాకిపై గుర్తింపు సంఖ్య ఉండాలి. అది అమ్మేవారి పుస్తకంలోని సంఖ్యతో అక్షరాలా సరిపోవాలి. అమ్మేవారు కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టరుకో, స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచిన తరువాతనే చేతులు మారాలి. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే, 2019 సవరణ తరువాత, రెండేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా శిక్ష.

మా బేరంలో చిక్కు ఇక్కడ ఉన్నది. లైసెన్సు ఆసామి తండ్రిది. ఆయన కాలం చేశారు. పొలం కొడుక్కు వచ్చినట్లు తుపాకి రాదు. వారసుడు దానిని స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి దగ్గరనో అప్పగించి, తన పేర లైసెన్సు అడగాలి, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకోవాలి. ఈ ఆసామి బుద్ధిమంతుడు, నెల్లూరులో వ్యాపారి దగ్గర అప్పగించి రసీదు తీసుకున్నారు. కాబట్టి మేము అక్కడికే వెళ్లి, వ్యాపారి చేత కడ్డీ దింపించి చూశాము. మందు లేదు. దీపం వేస్తే మాత్రం, నిపుల్‌కు పైన జానెడు మేర గొట్టం గోడ మశూచి ముఖంలా ఉన్నది.

పది కిలోమీటర్ల గీత

గొట్టం బంగారంలా ఉన్నా మరొక ఆటంకం ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ముందస్తు సమ్మతి లేకుండా కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వరాదు. నేలపట్టు, పులికాట్ పక్షి కేంద్రాలు రెండూ 1976లో ప్రకటింపబడినవి. మ్యాపు మీద వృత్తం గీసి చూస్తే తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం వైపు పల్లెలు చాలావరకు లోపల పడతాయి. ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి పోయినా, గీత మారలేదు. గూడబాతులు గూళ్లు కట్టే చోట తుపాకి మోత ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ గీత లోపలి రైతు వేరుశనగను పందికి ఆ న్యాయం తెలియదు. ఇద్దరి గోడూ నిజమే.

ఇంకొక అపోహ ఉన్నది. తుపాకికి లైసెన్సు ఉంటే పందిని కొట్టవచ్చు ననుకుంటారు. అది తుపాకికి ఇచ్చిన అనుమతి, పందికి ఇచ్చినది కాదు. ప్రాణరక్షణ వేరు, పంట కోసం వన్యప్రాణిని చంపాలంటే దానికి వేరే అనుమతి కావాలి. పైగా రాత్రి కాపలా పడుకునేది ఎవరు? కూలికి వచ్చే యానాది కుటుంబాలు, వాళ్ల పిల్లలు. గుళ్లు చెల్లాచెదరుగా పోయే తుపాకిని, చీకట్లో చెట్టు కదిలిన శబ్దానికి పేల్చితే అవతల ఉన్నది పందో మనిషో తెల్లవారితే గాని తెలియదు.

తేలినది

లెక్క చూస్తే: గొట్టం అడుగున గుంటలు, కొత్త లైసెన్సుకు రెండు శాఖల గడప, మందూ టోపీలూ లైసెన్సు వ్యాపారి దగ్గర తప్ప కొనరాదు, ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషన్‌లో అప్పగించడం, ఇంత చేసినా పందిని కొట్టే హక్కు లేదు. వద్దని చెప్పాను. పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. "సరే, మరి పందులో?" అన్నారు. దానికి నా దగ్గర మంత్రం లేదు. ఇప్పుడు చేను చుట్టూ సోలార్ కంచె వేసే ఖర్చు లెక్క వేస్తున్నాము. కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం చట్టానికీ మనుషులకూ రెండింటికీ ద్రోహమని ముందే ఒప్పించాను.

అయితే అందరికీ వద్దనే అనను. పది కిలోమీటర్ల గీతకు బయట ఉండి, లైసెన్సు చేతికి వచ్చి, గొట్టం అడుగు శుభ్రంగా ఉండి, కడిగే ఓపిక ఉన్న రైతు నిక్షేపంగా కొనవచ్చు. అడ్వాన్సు మాత్రం అన్నీ తేలిన తరువాతే ఇవ్వాలి. గోడకు తగిలించుకునే సరదా ఉన్నవారికి, బాగుచేసినా పేలని పాత ఆయుధాన్ని 45వ సెక్షను మినహాయించింది; పేలదని తేల్చవలసింది మాత్రం మనం కాదు, అధికారులు. నాటకాలవారికి కొయ్యది చాలును.

చివరగా, ఇంట్లో తాత తుపాకి ఉన్న మిత్రులకు ఒక మనవి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు లైసెన్సు పుస్తకం ఎవరి పేర ఉన్నదో, గడువు ఎప్పటిదో అడగండి. ఆ పేరుగలవారు లేకపోతే స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలిపి, వారు చెప్పిన విధంగా అప్పగించి రసీదు తీసుకోండి. అంతవరకు దానిని ఎవరూ కిందికి దించవద్దు, పనిచేస్తుందో లేదో చూద్దామని ఎవరూ సుత్తి లేపవద్దు.