కంపెనీ ఆరోగ్య బీమా: ఇంటిల్లిపాదికీ అసలు ఖరీదెంత?

ఉద్యోగమిచ్చిన కంపెనీ ద్వారా వచ్చే ఆరోగ్య బీమాకు మనం కట్టే ఖరీదు ఒకచోట తేలేది కాదు. కొంత నెల జీతంలో కోతగా పోతుంది. కొంత ఆస్పత్రి బిల్లులో సొంత వాటాగా పడుతుంది. మిగతాది ఉద్యోగం మానేసిన రోజున కొత్త పాలసీ కోసం తిరిగేటప్పుడు బయటపడుతుంది. చాలామంది మొదటిదాన్నే చూసి ఇది చవకనో ఖరీదనో తేల్చేస్తారు, ఎందుకంటే పే స్లిప్పులో కనిపించేది అదొక్కటే.

హైదరాబాదు, బెంగళూరు, పుణె లాంటి చోట్ల ఓ మోస్తరు ఐటీ కంపెనీలు ఇచ్చే గ్రూప్ పాలసీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఉద్యోగి, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలు, అందరికీ కలిపి 3 లక్షల నుంచి 5 లక్షల రూపాయల కవరేజీ. దీన్ని ఫ్లోటర్ అంటారు. ఏడాదిలో ఆ మొత్తం ఒక్కరికే ఖర్చు కావచ్చు, నలుగురికీ తలా కాస్త సరిపోవచ్చు. ఈ భాగానికి ప్రీమియం కంపెనీయే కడుతుంది. అలాగని పూర్తిగా ఉచితమని కాదు. ఆఫర్ లెటర్లో సీటీసీ (కంపెనీ ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చు) పట్టికను కిందిదాకా చదివితే చాలాసార్లు గ్రాట్యుటీ దగ్గర్లోనే బీమా ప్రీమియం వరస కూడా కనిపిస్తుంది.

అయినా బేరం మంచిదే. వైద్య పరీక్షలేవీ ఉండవు. షుగర్, బీపీ, థైరాయిడ్ ముందే ఉన్నా సాధారణంగా చేరిన రోజు నుంచే క్లెయిమ్ చెల్లుతుంది. బయట సొంతంగా పాలసీ కొంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. 2024 ఏప్రిల్ వరకూ ఈ గడువు 48 నెలలుండేది. హైదరాబాదులోనే కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని తగ్గించింది. కాన్పు సంగతీ అంతే. సొంత పాలసీలో రెండు మూడేళ్లు గడిచాకే వచ్చే ప్రసూతి ఖర్చు, చాలా కంపెనీ పాలసీల్లో మొదటి ఏడాదే వస్తుంది. కాకపోతే 50 వేలో 75 వేలో పరిమితి ఉంటుంది. కార్పొరేట్ ఆస్పత్రిలో సిజేరియన్ అయితే ఆ డబ్బు చాలదు.

ఇంత ఉదారంగా ఉండే పాలసీ ఏటా ఎందుకు మారుతుందో తెలియాలంటే అది ఎవరి పేరున ఉందో చూడాలి. పాలసీదారు కంపెనీ. ఉద్యోగి అందులో సభ్యుడు మాత్రమే. ఒప్పందం ఏడాదికే. రెన్యువల్ నాటికి బీమా సంస్థ ఒక లెక్క వేస్తుంది: కంపెనీ కట్టిన ప్రీమియం ఎంత, ఉద్యోగులు తీసుకున్న క్లెయిములు ఎంత. కోటి రూపాయలు కట్టించుకుని కోటీ 20 లక్షలు చెల్లించాల్సి వస్తే, మరుసటి ఏడు అదే ధరకు ఇవ్వమంటే ఇవ్వదు. అప్పుడు హెచ్‌ఆర్ విభాగం ముందు మిగిలే దారులు కొన్నే. ప్రీమియం పెంచి కట్టాలి, లేదా పాలసీకి కత్తెర వేయాలి. గది అద్దెకు పరిమితి, తల్లిదండ్రుల క్లెయిములకు కో-పే (బిల్లులో ఉద్యోగి సొంతంగా భరించే వాటా), వాళ్ల ప్రీమియాన్ని ఉద్యోగి జీతం మీదికి నెట్టడం, ఇవన్నీ ఆ కత్తెర గుర్తులే. ఉద్యోగికి ఇవి ఒక ఈమెయిల్‌గా వస్తాయి. వారంలోగా ఆప్షన్ ఎంచుకోమని గడువు పెడతారు. ఆ వారమంతా ప్రాజెక్టు పనిలో మునిగి, చివరి రోజున పాత ఆప్షన్నే నొక్కేవాళ్లు కోకొల్లలు.

అసలు తూకం వేయాల్సింది తల్లిదండ్రుల విషయంలో. చాలా కంపెనీల్లో వాళ్లను చేర్చాలంటే ప్రీమియం మొత్తం ఉద్యోగే కట్టాలి. ఆ ధర ఏటేటా పాకుతూ పోవడానికి వైద్య ఖర్చుల పెరుగుదల ఒక్కటే కారణం కాదు. చేర్చడం ఐచ్ఛికం కాబట్టి, అమ్మానాన్నలకు ఏదో ఒక జబ్బున్నవాళ్లు తప్పకుండా చేరుస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారి పిల్లలు ‘ఈ ఏడాదికి వద్దులే’ అని ఊరుకుంటారు. గుంపులో రోగులే మిగిలేసరికి ప్రీమియం పెరుగుతుంది. పెరిగినకొద్దీ కాస్త ఆరోగ్యంగా ఉన్నవారు ఇంకొందరు తప్పుకుంటారు. తల్లిదండ్రులను ఉద్యోగులంతా తప్పనిసరిగా చేర్చే కంపెనీల్లో ఈ బాధ తక్కువ. కాబట్టి ఆప్షన్ పత్రంలో చూడాల్సింది ఈ ఏటి ధర ఒక్కటే కాదు. పోయినేడు ఎంత, అంతకుముందు ఎంత అని హెచ్‌ఆర్‌ను అడగడంలో తప్పులేదు. మూడేళ్ల ధరలు పక్కపక్కన పెడితే నాలుగో ఏడు ఎటు పోతుందో ఇట్టే తెలిసిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. తండ్రికి 63, తల్లికి 58. ఇద్దరికీ షుగర్. కంపెనీ అడుగుతున్నది ఏడాదికి 30 వేలు, జీఎస్టీతో కలిపి 35,400 అనుకుందాం. నెలకు 2,950 కోత. బయట ఇదే వయసుకు, ఇవే జబ్బులతో పాలసీ అడిగితే వైద్య పరీక్షలుంటాయి, ప్రీమియం మీద అదనపు లోడింగ్ ఉంటుంది, కొన్నిసార్లు నేరుగా తిరస్కరణే ఎదురవుతుంది. ఇచ్చినా షుగర్ సంబంధిత సమస్యలకు మూడేళ్ల దాకా ఆగమంటారు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటివాటికి సాధారణంగా రెండేళ్ల గడువు. అంటే కంపెనీకి కట్టే 35,400లో పెద్ద భాగం ఈ రోజే వచ్చే రక్షణ కోసం. ఈ ఏడాదిలోనో వచ్చే ఏడాదిలోనో ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పిన ఇంట్లో ఇక ఆలోచించాల్సిందేమీ లేదు, చేర్చాల్సిందే. 55 ఏళ్లలోపు ఉండి, మందుబిళ్ల అవసరం లేని తల్లిదండ్రులైతే మాత్రం ఏటా అదే డబ్బు కంపెనీ పాలసీలో పోయడం తెలివైన పని కాదు. వాళ్లకు ఇప్పుడే సొంత పాలసీ తీసుకుంటే, నిజంగా అవసరం పడే వయసుకు ఆగాల్సిన గడువులన్నీ దాటిపోయి ఉంటాయి.

పన్నులు ఈ లెక్కను అటూ ఇటూ కదుపుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు. అంతకుముందు 18 శాతం ఉండేది. గ్రూప్ పాలసీలకు ఆ మినహాయింపు రాలేదు. పై ఉదాహరణలో జీఎస్టీ కింద పోయే 5,400 అలా వచ్చిందే. ఆదాయపు పన్ను వైపు చూస్తే, తల్లిదండ్రుల కోసం ఉద్యోగి జీతంలోంచి కట్టే ప్రీమియానికి పాత పన్ను విధానంలో సెక్షన్ 80డీ కింద తగ్గింపు దొరుకుతుంది. 60 దాటిన తల్లిదండ్రులుంటే 50 వేల దాకా, లేకుంటే 25 వేల దాకా. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 35,400 మీద సెస్సుతో కలిపి సుమారు 11 వేలు మిగులుతాయి. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఈ తగ్గింపే లేదు, వాళ్లకు ఖర్చు మొత్తం చేతి నుంచి పోయినట్టే. కంపెనీ తన వంతుగా కట్టే ప్రీమియం మీద మాత్రం ఉద్యోగికి ఏ విధానంలోనూ పన్ను పడదు.

ప్రీమియం తక్కువని మురిసేలోపు ఆస్పత్రి బిల్లు ఎలా కోతకు గురవుతుందో కూడా చూడాలి. కవరేజీ 3 లక్షలు, గది అద్దె రోజుకు అందులో 1 శాతం, అంటే 3 వేలు, తల్లిదండ్రులకు 20 శాతం కో-పే ఉన్న పాలసీ తీసుకుందాం. తండ్రిని చేర్చిన ఆస్పత్రిలో దొరికిన గది రోజుకు 6 వేలు. నాలుగు రోజుల గది అద్దె 24 వేలు, సర్జన్, మత్తుమందు డాక్టరు, ఆపరేషన్ థియేటర్ కలిపి లక్ష, మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చిన పరికరం కలిపి లక్షా 16 వేలు. మొత్తం 2 లక్షల 40 వేలు. గది పరిమితికి రెట్టింపు ఉంది కాబట్టి అద్దెలో సగమే వస్తుంది. అక్కడితో ఆగదు. గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజులూ పెరుగుతాయన్న లెక్కతో లక్షలోనూ సగమే ఇస్తారు. మందులు, పరీక్షలు, అమర్చిన పరికరాల మీద ఈ దామాషా కోత వేయకూడదని నియంత్రణ సంస్థ నిబంధన ఉంది కాబట్టి ఆ లక్షా 16 వేలు మిగులుతాయి. అన్నీ కలిపి 1,78,000. అందులో 20 శాతం కో-పే, అంటే 35,600 తీసేస్తే బీమా చెల్లించేది 1,42,400. ఇంటివాళ్లు సర్దాల్సింది 97,600. గ్లవ్స్, మాస్కుల్లాంటి చిల్లర వస్తువుల కోత దీనికి అదనం.

గది అద్దె పరిమితి లేని పాలసీకి ఏడాదికి ఐదారు వేలు ఎక్కువ అడిగితే చాలామంది వెనకడుగు వేస్తారు. పై బిల్లు చూశాక ఆ తేడాను ఖరీదనడం కష్టం. పరిమితి ఉన్న పాలసీయే చేతిలో ఉంటే, చేర్చేటప్పుడే 3 వేల లోపు గది అడగాలి. లేదన్నప్పుడు షేరింగ్ గదికి ఒప్పుకున్నా వేలు మిగులుతాయి. మంచి గదిలో ఉంచాలన్న ప్రేమే ఇక్కడ బిల్లును పాడుచేస్తుంది.

అత్తమామల విషయంలో మరో మెలిక. చాలా పాలసీలు ఉద్యోగి తల్లిదండ్రులను గానీ, అత్తమామలను గానీ, ఏదో ఒక జంటనే ఒప్పుకుంటాయి. ఇటునుంచి తల్లి, అటునుంచి మామగారు అంటే కుదరదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఎవరి కంపెనీలో వాళ్ల అమ్మానాన్నలను చేర్చుకోవడంతో చిక్కు తీరుతుంది. అన్నదమ్ములు ఇద్దరూ రెండు కంపెనీల్లో ఉండి, ఇద్దరూ నాన్ననే చేర్చి ప్రీమియం కట్టడం కూడా కనిపిస్తుంది. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు రాదు. మొదటి పాలసీ చెల్లించగా మిగిలిన భాగాన్నే రెండోదాని నుంచి అడగవచ్చు. కో-పే తక్కువున్న కంపెనీలో చేర్చి, రెండో ప్రీమియాన్ని మరోదానికి వాడడమే మేలు.

జీతం నెలకు 21 వేలు దాటనివారి లెక్క వేరు. వాళ్లు ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పరిధిలోకి వస్తారు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 21 వేల జీతం మీద ఉద్యోగికి పడేది 157 రూపాయల 50 పైసలు. అంత తక్కువకు కుటుంబానికీ, ఆధారపడ్డ తల్లిదండ్రులకూ వైద్యం అందించే ప్రైవేటు పాలసీ దేశంలో లేదు. డిస్పెన్సరీ చుట్టూ, రిఫరల్ కాగితం చుట్టూ తిరగాల్సిన ఓపిక మాత్రం కావాలి. జీతం పెరిగి 21 వేలు దాటిన ఉద్యోగి ఆ సంతోషంలో మరిచేది ఇదే: నడుస్తున్న చందా కాలం ముగిశాక కొత్త చందా ఉండదు, ఆ తర్వాత కొంతకాలానికి వైద్యం హక్కూ పోతుంది. కొత్త జీతంలోంచి పాలసీకి కొంత పక్కన పెట్టాల్సి ఉంటుంది.

ఇక ఉద్యోగం వదిలే రోజు. గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. రాజీనామా అయినా, లేఆఫ్ అయినా, రిటైర్మెంట్ అయినా ఒకటే. ఇరవై ఏళ్లు కంపెనీ బీమా మీదే నడిచిన ఉద్యోగి 52వ ఏట బయటికొస్తే, అప్పటికి షుగర్ వచ్చి ఉంటే, కొత్త పాలసీ బజారులో తన తల్లిదండ్రులు ఎదుర్కొన్న ప్రశ్నలే అతనికీ ఎదురవుతాయి. ఇన్నేళ్లూ ప్రీమియం కట్టకుండా మిగిలిందనుకున్నది ఇక్కడ వడ్డీతో సహా వసూలవుతుంది. అందుకే భార్యాభర్తలు, పిల్లల వరకు కంపెనీ పాలసీ ఉన్నా ముప్పై ఏళ్ల వయసులోనే సొంతంగా ఒక పాలసీ పెట్టుకోవడం ఖర్చు కిందికి రాదు. ఆగాల్సిన గడువులు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతాయి. 60 నెలలు ఆగకుండా నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ఫలానా జబ్బు దాచారంటూ క్లెయిమ్‌ను కొట్టేయడానికి వీల్లేదు.

రెండు పూర్తి పాలసీలు భారమనుకుంటే సూపర్ టాప్-అప్ ఉంది. కంపెనీ ఇచ్చే 5 లక్షలు దాటాక పనిచేసేలా మరో 15 లక్షలకు తీసుకుంటే ప్రీమియం మామూలు పాలసీ కంటే చాలా తక్కువ పడుతుంది. పేరులో ‘సూపర్’ ఉందో లేదో చూడాలి. ఉత్త టాప్-అప్ ఒక్కో బిల్లునూ విడిగా 5 లక్షలతో పోలుస్తుంది. సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కలిపి లెక్కిస్తుంది. కొన్ని కంపెనీలే జీతంలోంచి కోసి టాప్-అప్ అమ్ముతాయి. అది చవకే గానీ ఉద్యోగంతోపాటే పోయే అవకాశముంది. బయట సొంత పేరున తీసుకున్నది మిగులుతుంది, కానీ ఉద్యోగం లేనప్పుడు ఆ మొదటి 5 లక్షలు ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

తల్లిదండ్రుల్లో ఎవరికైనా 70 నిండితే ఇంకో ఆసరా ఉంది. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇస్తున్నారు. ప్రైవేటు బీమా ఉన్నా కార్డు తీసుకోవచ్చు. పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది కాబట్టి ఇంటి దగ్గరి ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే కంపెనీ ఆప్షన్ వదులుకోవాలి.

సొంత పాలసీ లేకుండానే ఉద్యోగం మానాల్సి వచ్చినవారికీ ఒక దారి ఉంది. గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా సంస్థ దగ్గరే వ్యక్తిగత పాలసీకి మారమని అడగవచ్చు. గ్రూపులో గడిచిన కాలం ఆగాల్సిన గడువుల్లోంచి తగ్గుతుంది. ధర వ్యక్తిగత పాలసీదే ఉంటుంది, వయసూ ఆరోగ్యమూ చూసి నిర్ణయించే హక్కు సంస్థకుంటుంది. దరఖాస్తు చివరి పనిదినం దాటాక కాదు, నోటీసు పీరియడ్‌లోనే పెట్టాలి. కుటుంబంలో ఎవరు ఏ తేదీ నుంచి సభ్యులుగా ఉన్నారో తెలిపే ధ్రువపత్రం, పాత ఏళ్ల ఈ-కార్డులు హెచ్‌ఆర్ నుంచి అప్పుడే తీసుకోవాలి. ఉద్యోగి ఈమెయిల్ ఖాతా మూసేశాక వాటిని రాబట్టడం గగనం, అవి లేకుంటే గడిచిన కాలాన్ని నిరూపించడం కష్టం.